శాలువాలు పదకొండు, పిల్లలు ముగ్గురు

ఈ వ్యాసం చదివి నామీద కోపగించుకొనేవాళ్ళలో ఎక్కువమంది నా మిత్రులే అవుతారని తెలిసే రాస్తున్నాను. నేను రాయకోటలో పుట్టి పెరిగినవాణ్ణి. బ్యాంకులో గుమాస్తాగా చేరి అధికారినయ్యాను. చదివింది బి.కాం. సాహిత్యం నాకు చదువుకొనే సరదాయే గాని రాసే వృత్తి కాదు. కాబట్టి జమాఖర్చు రాసినట్టే రాస్తాను. పాఠకులు మన్నించాలి.

2025 మే 31, శనివారం సాయంత్రం. రాయకోటకు దగ్గరి పల్లె ఒకటి. దాని పేరు రాయను, రాస్తే ఆ బడికే ఇబ్బంది. గుడి ముందరి మండపంలో సన్మానసభ జరిగింది. ఆ ఊరి పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాలలో ఏళ్ళ తరబడి తెలుగు విభాగానికి పాఠాలు చెప్పిన టీచరమ్మ ఆనాడు ఉద్యోగ విరమణ చేశారు. మన భాషాభిమానులంతా వచ్చారు. హోసూరునుంచి రెండు కార్లలో వచ్చారు, కృష్ణగిరినుంచి వచ్చారు. నేనూ వెళ్ళాను. మైకు, షామియానా, పూలదండలు, ఏ లోటూ లేదు. శాలువాలు కప్పారు. నాకు లెక్కపెట్టే అలవాటు పోదు గనుక లెక్కపెట్టాను. పదకొండు.

ఉపన్యాసాలు రెండుగంటలకు పైగా సాగాయి. తంజావూరు నాయకరాజులు వచ్చారు, త్యాగరాజస్వామి వచ్చాడు, కృష్ణదేవరాయలు ఎటూ రాకుండా ఉండడు. తెలుగు తేనెకన్నా తియ్యన అన్నారు ఒకరు. తెలుగు బిడ్డ తెలుగులోనే చదవాలన్నారు మరొకరు. ఆయన మనుమరాలు హోసూరులో ఇంగ్లీషు మీడియంలో చదువుతోందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చివర్న టీచరమ్మను మాట్లాడమన్నారు. ఆమె లేచి రెండుచేతులూ జోడించి, మన ఊరి మాటల్లోనే అన్నారు: "శాలువాలు చానా కప్పినారు, దండాలు. ఒక మాట అడుగుతా, ఎవురూ కోపం చేసుకోవద్దండి. సోమవారం బడి తెరస్తారు. ఒకటో తరగతికి మీ ఇండ్లలోనుంచి ఒక బిడ్డనైనా పంపిస్తారా?"

సభ నిశ్శబ్దం. వేదిక మీద ఒకాయన గడియారం చూసుకొన్నారు. ఆ వెనుక ఎవరో మైకు అందుకొని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, అందరూ చేసి వెళ్ళాలి అని ప్రకటించారు. అందరం చేసే వెళ్ళాం. పాయసం కూడా పెట్టారు.

జూన్ 2న బడి తెరిచారు. ఆ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళి చూశాను. తెలుగు విభాగంలో ఒకటో తరగతికి చేరినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. టీచరమ్మ కుర్చీలో ఎవరూ లేరు. పక్కగదిలోని తమిళం టీచరుగారే మధ్యమధ్య వచ్చి ఈ పిల్లల్ని చూసుకొంటున్నారు. మంచివారు. "నాకు తెలుగు మాట్లాడ వచ్చు సార్, చదవ రాదు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఖాళీ ఎప్పుడు నింపుతారని పై ఆఫీసులో ఒకరిని అడిగాను. "పిల్లలేరీ సార్, టీచర్ని అడగడానికి?" అన్నారు. తిరిగివచ్చి ఆ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను అడిగాను. "టీచరే లేకపోతే బిడ్డల్ని ఎట్ల పంపేది సార్?" అన్నారు. ఇక ఈ రెండు జవాబులూ ఒకదాని తోక ఒకటి పట్టుకొని ఎన్నాళ్ళైనా తిరుగుతాయి.

ఇక్కడ మనవాళ్ళు వెంటనే 2006 చట్టం ఎత్తుతారు. ఎత్తవలసిందే. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చిన ఆ సంవత్సరంనుంచే ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతిగా తమిళాన్ని మొదటిభాషగా తప్పనిసరి చేశారు. మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం లెక్కలు, విజ్ఞానం వగైరాలు. బిడ్డ తల్లిభాషకు నాలుగో భాగంలో చోటిచ్చారు, అదీ ఇష్టమైతేనే. ఆనాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2015-16లో పదో తరగతికి వచ్చేసరికి గగ్గోలు పుట్టింది. మద్రాసు హైకోర్టుకు వెళ్ళాం, మినహాయింపు తెచ్చుకొన్నాం. మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. సుప్రీంకోర్టుదాకా పోతే 2023 ఫిబ్రవరిలో ఆ ఏడాది పరీక్షకు మాత్రం మినహాయింపు పొడిగించారు. ఈ వ్యాజ్యాలకు చందా ఇచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పోరాడినవాళ్ళంటే నాకు గౌరవం ఉంది. వాళ్ళు లేకపోతే ఎందరో పిల్లలు పదో తరగతి దగ్గరే ఆగిపోయేవాళ్ళు.

కాని ఒక్కమాట. పదో తరగతిలో మినహాయింపు కావాలంటే పదో తరగతిదాకా తెలుగులో చదివే బిడ్డ ఒకడుండాలి గదా. ఆ బిడ్డ పదేళ్ళకు ముందు ఒకటో తరగతి గడప దాటి ఉండాలి. మనం న్యాయవాదులను పెట్టి పైఅంతస్తు కిటికీ తెరిపిస్తున్నాం. కింద వాకిట్లోనుంచి ఎక్కేవాళ్ళు లేరు. వాకిలి మూసింది చట్టం ఒక్కటేనా?

ఆ ముగ్గురు పిల్లలు ఎవరి బిడ్డలో చెబుతాను. ముగ్గురూ అరుంధతివాడ పిల్లలు. ఆ ఇళ్ళలో తరతరాలుగా తెలుగే. తండ్రులు తెల్లవారకముందే రాయకోట టమోటా మండీకి పెట్టెలెత్తడానికి వస్తారు. తల్లులు పూలతోటల్లో కూలికి పోతారు. బిడ్డ పొద్దున ఏమైనా తిని బడికి పోయిందా అని చూసేవాళ్ళుండరు. 2023 ఆగస్టు 25నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పొద్దుటి ఫలహారం పెడుతున్నారే, ఆ పథకం ఇలాంటి పిల్లలకే. నేను వెళ్ళిన రోజున రవ్వ ఉప్మా, సాంబారు. వేడివేడిగా పెట్టారు, శుభ్రంగా ఉంది. కామరాజు 1956లో మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనంనుంచి ఈ ఉప్మాదాకా బిడ్డల కడుపు చూడడంలో తమిళనాడు ప్రభుత్వాన్ని వేలెత్తి చూపలేం. మంచిని మంచి అనకుండా దెబ్బలాడితే మన మాట ఎవరూ వినరు.

ఊళ్ళో తక్కిన తెలుగు ఇళ్ళ పిల్లలు ఏమయ్యారు? రెడ్లు, బలిజలు, దేవాంగులు, కమ్మవాళ్ళు, అంతా ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. ఏడున్నరకు పసుపుపచ్చ బస్సొస్తుంది. పిల్లలు మెడకు టై కట్టుకొని ఎక్కి పోతారు. ఆ బస్సు గుడి మండపం పక్కగానే పోతుంది. తెలుగు తేనెకన్నా తియ్యన అన్న మండపమే అది.

ఇప్పుడు నా వంతు. పరుల లెక్క చూసినవాడు తన పుస్తకం దాచకూడదు. నేను ఐదోతరగతిదాకా తెలుగు మీడియంలో పంచాయతీ బడిలోనే చదివాను. నాకు ఉద్యోగం వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది, తమిళం కౌంటరు దగ్గర ఎవరితోనైనా ధారగా మాట్లాడగలను, రాయగలను. అంటే తెలుగు బడి నన్ను ఎందుకూ పనికిరాకుండా చెయ్యలేదు. అయినా నా కొడుకును చేర్పించవలసిన రోజు వచ్చేసరికి హోసూరులో ఇంగ్లీషు బడికి పోయి, తెల్లవారుజామునుంచి వరుసలో నిలబడి దరఖాస్తు కాగితం తెచ్చాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు పంపలేదు. ఆ దరఖాస్తులో 'మాతృభాష' అన్న చోట తెలుగు అని నేనే రాశాను, ఇంగ్లీషు అక్షరాలతో.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మ పోయింది. ఆమె మూడో తరగతికి మించి చదవలేదు. ఆమె పెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. నా కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, కర్మాంతరాలకు వచ్చి ఉన్నాడు. పుస్తకం తిరగేసి, "నాయనా, ఇది తెలుగా కన్నడమా?" అని అడిగాడు. వాణ్ణి ఏమనను? రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ లాంటివి, మన ప్రాంతంలో బస్సుల మీదా బోర్డుల మీదా రెండూ కనబడతాయి. చదువు రానివాడికి తేడా ఎలా తెలుస్తుంది? నేను చదివి చెప్పాను. పాల లెక్క. ఎవరింటికి ఎన్ని శేర్లు, ఎవరు బాకీ. మధ్యలో ఒకచోట, "చిన్నోడికి జరము, పాలు పొయ్యలేదు" అని ఉంది. ఆ చిన్నోడు నేనే. నా కొడుకు ఆ పేజీకి ఫోనుతో ఫోటో తీసుకొన్నాడు. చదవలేడు గనుక ఫోటో తీసుకొన్నాడు.

ఇంగ్లీషు లేకపోతే బతుకు లేదని ఒక మిత్రుడు నాతో ఎప్పుడూ వాదిస్తాడు. హోసూరు కార్ఖానాల్లో, బెంగుళూరు కంపెనీల్లో తెలుగు ఎవడడుగుతాడు అంటాడు. ఎవడూ అడగడు, ఒప్పుకొంటాను. నేను తమిళం వద్దనడం లేదు, ఇంగ్లీషు వద్దనడం లేదు. ఈ నేల మీద బతికేవాడికి తమిళం రాకపోతే అది వాడికే నష్టం. నేననేది ఐదేళ్ళ బిడ్డ సంగతి. అరుంధతివాడ పిల్లకు పుస్తకంలో ఆవు బొమ్మ చూపించి కింద 'మాడు' అని చదివిస్తారు. తమిళంలో అది పశువు. ఆ పిల్ల ఇంట్లో మాడు అంటే నడినెత్తి. ఆ పిల్ల నెత్తి తడుముకొని నవ్వుతుంది. నేను కళ్ళారా చూశాను. నవ్వినందుకు ఒక మొట్టికాయ కూడా పడింది, అదీ మాడుమీదే. బిడ్డకు తెలిసినది ముందు చెప్పి, తెలియనిదానికి తర్వాత తీసుకుపోవాలన్నది ఏ బోధనశాస్త్రమూ చదవని అవ్వకు కూడా తెలిసిన సంగతి. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను కూడా, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో ఉండాలనే అంటోంది.

ఈ 'సాధ్యమైనంతవరకు' అన్నమాట దగ్గరే మన చట్టాలన్నీ జారిపోతాయి. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం చూడండి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలకోసం ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలట. ప్రయత్నించాలి! ప్రామిసరీ నోటులో 'తిరిగి చెల్లించడానికి ప్రయత్నిస్తాను' అని రాసుకొస్తే ఏ బ్యాంకైనా అప్పిస్తుందా? కొంచెం గట్టి మాట 1949లోనే ఉంది. ఆ సంవత్సరం ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై, తరగతిలో పదిమందో, బడి మొత్తంమీద నలభైమందో అల్పసంఖ్యాక భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పేందుకు టీచరును ఇవ్వాలని ఒప్పుకొన్నారు. పది, నలభై. ఈ రెండు అంకెలూ మన సంఘాల బ్యానర్లమీద ఒక్కనాడైనా చూశారా? తేనె, వెన్నెల, అమృతం చూశాను గాని ఈ అంకెలు నేను చూడలేదు.

తమిళ మిత్రులతోనూ ఒక మాట చెప్పాలి. 1937లో ఈ రాష్ట్రంలో బడిపిల్లలకు హిందీ తప్పనిసరి చేయడానికి పూనుకొన్న ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పుడలాగే పిలిచేవారు) రాజాజీ. ఆయన పుట్టింది హోసూరు పక్కన తొరపల్లిలోనే. ఇంట్లో లేని భాషను మా బిడ్డల నెత్తిన పెట్టవద్దని తమిళులు ఎదిరించారు. 1940లో ఆ ఉత్తర్వు పోయింది. 1965లో మళ్ళీ పోరాడారు, ప్రాణాలు పోయాయి. 1968లో అన్నాదురై ప్రభుత్వం ద్విభాషా తీర్మానం చేసింది. నిన్నమొన్న కేంద్రం నూతన విద్యావిధానం ఒప్పుకోలేదని సర్వశిక్ష నిధులు ఆపితే, మా బిడ్డలు ఏ భాష చదవాలో మేమే చెప్పుకొంటామన్నారు. బాగుంది. అదే మాట మేం మీతో అంటే ఎందుకు వినబడదు? 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా రాయించుకొన్నవాళ్ళు నూటికి 5.87 మంది. మేం బయటినుంచి వచ్చి మూటాముల్లె దించినవాళ్ళం కాము. సరిహద్దులు గీసినప్పుడు ఇక్కడే ఉన్నవాళ్ళం.

ఆంధ్రవైపు చూడమంటారు కొందరు. ఏం చూడను? అక్కడి ప్రభుత్వమే 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది గాని, ఆ ఉత్తర్వుకు చప్పట్లు కొట్టిన తల్లిదండ్రుల మనసులను ఏ కోర్టూ కొట్టివేయలేదు. తల్లి ఇంటిలోనే దీపం కొండెక్కుతుంటే మనకు చమురెవరు పంపుతారు?

మా బ్యాంకు పని ఒకటి చెబుతాను. కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో పాత ఖాతాదారుల సంతకాల కార్డులన్నీ యంత్రంలోకి ఎక్కించవలసి వచ్చింది. రాత్రుళ్ళు కూర్చుని వేలకొద్దీ కార్డులు తిప్పాను. ఒకే ఇంటివాళ్ళ కార్డులు వరుసగా వచ్చేవి. తాతది వేలిముద్ర. తండ్రిది తెలుగు సంతకం, బడిలో నేర్పిన గుండ్రని అక్షరాలు, పేరుకు ముందు ఊరిపేరు కూడా. కొడుకుది ఇంగ్లీషు గీత, ఏమి రాశాడో దేవుడికెరుక. తెలుగు సంతకం ఆ ఇంట్లో ఒక్క తరానికే వచ్చి పోయింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. పని త్వరగా అయిపోతే చాలనుకొన్నాను.

బ్యాంకు ఖాతాలో రెండేళ్ళు లావాదేవీ లేకపోతే దాన్ని నిద్రాణ ఖాతా అంటాం. పదేళ్ళు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. అయినా వారసుడు రుజువులు పట్టుకొని వస్తే వడ్డీలెక్కతో సహా వెదికి ఇస్తాం. టీచరు పోస్టుకు ఆ సౌకర్యం లేదు. ఒకసారి పిల్లలు లేరని రాసి పోస్టు ఇంకోచోటికి మళ్ళించారంటే, పదేళ్ళ తర్వాత మీ మనుమడు వచ్చి నాది నాకివ్వండి అంటే ఇచ్చేవాళ్ళుండరు. మన కొండమీది కోటనే చూడండి. 1791లో ఇంగ్లీషువాళ్ళు టిప్పు మనుషులనుంచి పట్టుకొన్న కోట అది. గోడలు కూలినా పురావస్తుశాఖ బోర్డు పెట్టింది. రాయి కదిలిస్తే శిక్ష అని రాసి ఉంది. కింద బడిలో తరగతి మొత్తం కదిలిపోయినా అడిగేవాడు లేడు.

మన సంఘాలు ఏమీ చేయడం లేదని నేననను. ఉగాదికి పచ్చడి పంచుతారు, కవులను పిలుస్తారు, ఈ పత్రికకు చందాలు కడతారు. అవన్నీ ఉండవలసిందే. కాని ఏడాదిలో ఒక్కసారి, బడి చేరికల నెలలో, ఆ శాలువాల ఖర్చుతో ఒక ఆటో మాట్లాడి ఇంటింటికీ తిరిగారా? పొరుగూరినుంచి నలుగురు పిల్లలు నడిచి రాలేకపోతే అదే ఆటోలో తెచ్చి దించారా? ఖాళీ నిండేదాకా సాయంత్రం ఒక గంట, రిటైరైన టీచరమ్మను బతిమాలి కూర్చోబెట్టారా? ఆమె కూర్చుంటానన్నారు. చాప, దీపం ఎవరు ఇస్తారని అడిగారు, అంతే.

జూన్ నెలాఖరులో నేనొక అర్జీ రాశాను. తెలుగు టీచరు ఖాళీ నింపాలని, 1949 నాటి ఒప్పందం, 350ఎ అధికరణం ఉదహరించి, తమిళంలోనే రాశాను, చదివేవాళ్ళు చదవాలి గదా. కృష్ణగిరి కలెక్టరు కార్యాలయంలో సోమవారం సోమవారం అర్జీలు తీసుకొంటారు. కింద ఊరివాళ్ళ సంతకాలుండాలి. మొదట అరుంధతివాడకు పోయాను. ఒక్క సాయంత్రంలో పధ్నాలుగు వచ్చాయి. అందులో తొమ్మిది వేలిముద్రలు, మూడు తమిళ సంతకాలు, రెండు తెలుగు. తర్వాత సభకు వచ్చిన పెద్దలను ఒక్కొక్కరినే అడిగాను. సంతకం పెట్టడానికి అభ్యంతరం లేదు, కాని మా పిల్లలు ఆ బడిలో లేరు గదా, మేం పెడితే బాగుండదేమో అన్నారు ఒకరు. కార్యవర్గం కూడి చర్చించాలన్నారు ఒకరు. కళ్ళజోడు ఇంట్లో ఉందన్నారు ఇంకొకరు.

అర్జీ నా దగ్గరే ఉంది. ఇప్పటికి పధ్నాలుగు వేలిముద్రలూ సంతకాలూ, పదిహేనోది నాది. ఆదివారాలు నేను రాయకోటలో ఇంట్లోనే ఉంటాను. పదకొండు శాలువాలవారూ ఎప్పుడైనా రావచ్చు. పెన్ను ఉంది, ఇంకు ప్యాడు కూడా ఉంది. చదివే అద్దాలు ఒక జత అదనంగా కొని పెట్టాను.